చుక్క నేల పడకుండా ఆయిలు ఫిల్టరు మార్చుట



ఈ పూట మీతో చెప్పదలచిన సంగతి పంటను గురించి కాదు, పురుగును గురించీ కాదు. పొద్దున లేచి చేనికి పోయే మోటారు సైకిలును గురించి. అందులోనూ బండి మొత్తాన్ని గురించి కాదు, అరచేతిలో పట్టే ఒక చిన్న కాగితపు ఫిల్టరును గురించి. ఇంత చిన్న విషయానికి ఒక ప్రసంగమా అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే నవ్వినవాణ్ణే. నా నవ్వు ఎట్లా పోయిందో ముందు చెపుతాను.

మాది అలంపూరు దగ్గర పల్లె. రాజోలిబండ కాలువకు చివరి భూములు మావి. కాలువ చివర అంటే మీలో చాలామందికి విడమరిచి చెప్పనక్కరలేదు. కాగితం మీద ఆ కాలువ కింద 87,500 ఎకరాలున్నవి. కాని చివరి చేలకు నీరు అందని ఏళ్లు ఎన్నో చూశాము. అందుచేత మాకు బావే దిక్కు. మనుషులు తాగేదీ ఆ నీళ్లే, ఎద్దులు తాగేదీ ఆ నీళ్లే. ఒకసారి ఎండాకాలంలో, మెకానిక్కుకు ఇచ్చే డబ్బు మిగులుతుంది గదా అని, బావి దగ్గర వేపచెట్టు కింద బండి నిలబెట్టి, ఆయిలూ ఫిల్టరూ నేనే మార్చబోయాను. అప్పుడే కర్నూలు నుంచి వచ్చివున్నాను, ఇంజను కాగుతూ వున్నది. కింద బోల్టు విప్పి పాత ఆయిలు ముందు తీయాలని నాకు తెలియదు. కొత్త ఫిల్టరు చేతిలో వున్నది గనక నేరుగా ఫిల్టరు మూతే విప్పాను. మూత సందులోంచి ఆయిలు దూకి కాలిన బెండు పైపు మీద పడింది. గుప్పున పొగ లేచింది. నేను ఉలిక్కిపడి వెనక్కు గెంతితే, కింద పెట్టిన చిప్ప కాలికి తగిలి బోర్లపడింది. నల్లటి ఆయిలు నీళ్ల కాలువలోకి, ఆ కాలువలోంచి పశువుల తొట్టిలోకి పోయింది. తొట్టి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలింది. తొట్టిని మూడుసార్లు కడిగినా మా ఎద్దులు వారం రోజులు అందులో మూతి పెట్టలేదు. మా నాయన అంతా చూసి ఒక్కటే మాట అన్నాడు. "ఏమప్పా, ఎద్దులకున్న తెలివి కూడా నీకు లేకపాయెనే."

ఆ తరువాత ఒక పాత మెకానిక్కు దగ్గర కూర్చుని, చుక్క నేల పడకుండా ఈ పని ఎట్లా చేయాలో నేర్చుకున్నాను. ఆయన షెడ్డులో నేల ఇంటి ముంగిలిలాగా వుండేది. అడిగితే, "బోల్టు విప్పకముందే ఆయిలు ఎక్కడికి పోవాలో దానికి దారి చూపించాలి. లేకుంటే దాని దారి అదే చూసుకుంటుంది" అనేవాడు. ఈ ప్రసంగంలో వున్నదంతా ఆయన మాటే అనుకోండి.

నేల మీద పడితే ఏమవుతుంది, ఇంకిపోతుంది గదా అంటారు కొందరు. ఆ ఇంకిపోవడమే చిక్కు. మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చి, చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. పైన పోసిన ఆయిలు ఆ నెర్రెల్లోంచి లోతుకు దిగుతుంది. ఎర్రచెలకలో నేరుగా ఇంకుతుంది. మొదటి వానకు కొంత కొట్టుకుపోయి వాగులో పడుతుంది. వాగు తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర మన అలంపూరు దాటి కృష్ణలో కలిసి శ్రీశైలం జలాశయానికి పోతుంది. ఆయిలు నీటిలో కరగదు, పలుచని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర నీటికి గాలి అందనివ్వదు. ఒక కారుకు ఒకసారి మార్చిన పాత ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ చెపుతుంది. అంటే మన లెక్కలో సుమారు 38 లక్షల లీటర్లు. కారుకు పట్టేది నాలుగైదు లీటర్లు, మన బండికి పట్టేది లీటరు. అయితే వూరికి కారులు నాలుగుంటే బండ్లు నాలుగువందలుంటవి గదా.

ఇక పనిలోకి వద్దాము. ముందుగా మీ బండికి అసలు మార్చే ఫిల్టరు వున్నదో లేదో తెలుసుకోవాలి. ఇది తమాషాగా తోచవచ్చు గాని, చాలామంది మోసపోయేది ఇక్కడే. పల్లెల్లో యెక్కువగా తిరిగే స్ప్లెండరు వంటి బండ్లలో కాగితపు ఆయిలు ఫిల్టరు లేదు. కుడివైపు పెద్ద మూత లోపల ఒక సన్నని జాలీ, గిర్రున తిరిగి మడ్డిని అంచులకు నెట్టే ఒక గిన్నెవంటి భాగం వుంటవి. వాటిని కడిగి శుభ్రం చేయడమే గాని మార్చడం వుండదు. ఆ పెద్ద మూత విప్పితే దాని గాస్కెట్టు కూడా మార్చవలసి వస్తుంది. కావున అది మెకానిక్కు పని. అటువంటి బండికి "ఆయిలు ఫిల్టరు మార్చినాము" అని ఎవరైనా బిల్లులో రాస్తే, పాతది చూపించమని మర్యాదగా అడగండి. గాలి వడకట్టే ఎయిర్ ఫిల్టరు వేరు, అది అన్ని బండ్లకూ వుంటుంది. రెంటినీ కలగలపకండి.

పల్సరు, అపాచీ, ఈ కాలపు బుల్లెటు వంటి బండ్లకు కాగితపు ఫిల్టరు వుంటుంది. ఇంజను పక్కన గుండ్రటి చిన్న మూత, దానికి రెండో మూడో చిన్న బోల్టులు, లోపల మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరు. 1955 నుంచి మద్రాసులో తయారైన పాత బుల్లెటులో కాగితం కాదు, కంబళివంటి ఫెల్టు గుడ్డ ఫిల్టరు వుండేది. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోసే పాత ఎక్సెల్ మోపెడ్లకు ఈ బాధే లేదు. నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 వచ్చాక వాటికీ ఆయిలు మార్చడం వచ్చింది. ఇంజనుకు ఆయిలు ఫిల్టరు అనేది పుట్టి నూరేళ్లు దాటింది. 1923లో అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్ అనే ఇద్దరు మోటారు కారుకు దాన్ని అమర్చే పద్ధతి కనిపెట్టారు. అంతకుముందు ఆయిలులో చేరిన ఇసుక, ఇనుప రజను ఇంజనును అరగదీస్తూ వుంటే చూస్తూ వూరుకోవడమే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నది నేను చెప్పను. ప్రతి బండికీ వేరు. బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. ఆ పుస్తకం చాలా ఇళ్లల్లో దేవుని గూట్లో పటాల వెనుక వుంటుంది, వెతికి తీయండి. ఒక్క మాట మాత్రం చెపుతాను. కాలువ గట్టు మీద దుమ్ములో, మూడు బస్తాల ఎరువు వేసుకుని, రెండో గేరులో నడిచే బండి తారు రోడ్డు మీద పోయే బండితో సమానం కాదు. పుస్తకంలో రాసినదానికన్నా కొంచెం ముందే మార్చడం మనకు మేలు.

సామాను ముందే సర్దుకోండి. బోల్టులకు సరిపోయే పానాలు కావాలి. కటింగు ప్లయరుతో బోల్టు తలలు కొరకకండి. కొత్త ఫిల్టరు, దాని మూతకు కొత్త రబ్బరు రింగు, కింద బోల్టుకు కొత్త వాషరు, సరిపడా ఆయిలు, ఒక గరాటు దగ్గర పెట్టుకోండి. ఇవి గాక, నేల పాడుకాకుండా చూసే సామాను వేరు. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఖాళీ అయిదు లీటర్ల డబ్బా ఒకదాన్ని పడుకోబెట్టి, పై పక్క కత్తితో కోస్తే మంచి తొట్టి అవుతుంది. మూత బిగించే వుంచాలి సుమండీ. తరువాత ఆ మూత విప్పి, డబ్బా మూతినే గరాటులాగా వాడుకొని ఆయిలును వేరే డబ్బాలోకి వంపుకోవచ్చు. సిమెంటు మోసే ఇనుప గమేళా కూడా పనికివస్తుంది. దాని కింద ఒక యూరియా సంచిని చీల్చి పరచండి, సంచి మీద పాత పేపర్లు వేయండి. పక్కన ఒక చాటెడు వేరుశనగ పొట్టు పెట్టుకోండి. మనలో కొందరు బుడ్డల పొట్టు అంటారే, అదే. చిందిన ఆయిలును పీల్చడానికి అంతకన్నా మంచిది మన దగ్గర మరొకటి లేదు. అది లేకపోతే పొయ్యి బూడిద, రంపపు పొట్టు అయినా సరే. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. అవి లేకపోతే పాలిథీన్ సంచులు చేతికి తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకోండి. చూడడానికి నవ్వు వస్తుంది, కాని పని జరుగుతుంది.

బండిని ఎక్కడ నిలబెట్టాలి? బావికి, బోరుకు, కాలువకు, పశువుల కొట్టానికి దూరంగా, చదునైన గట్టి నేల మీద. చెట్టు నీడ వుంటే మంచిదే గాని, నీడ కోసం బావి దగ్గరికి పోకండి. ఆ పని నేను చేసి చూశాను.

ఇంజను మరీ చల్లగా వుంటే ఆయిలు చిక్కగా వుండి, మడ్డి అడుగునే నిలిచిపోతుంది. మరీ వేడిగా వుంటే చెయ్యి కాలుతుంది. రెండు మూడు నిమిషాలు ఇంజను నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగండి. ఇంజను పక్క మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. సైలెన్సరు బెండు పైపు ఇంజను కన్నా ఆలస్యంగా చల్లారుతుంది, దాన్ని నమ్మకండి. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టండి. ముందు పైన ఆయిలు పోసే మూత వదులు చేయండి. పైనుంచి గాలి ఆడితే కింద ఆయిలు గుటకలు మింగినట్టు చిందకుండా ధారగా పడుతుంది. ఈ చిన్న కిటుకు తెలియక నేలంతా చుక్కలు చేసుకునేవారు ఎందరో.

ఇప్పుడు కింద బోల్టు. పానాతో ఒక చుట్టు వదులు చేసి, మిగతాది వేళ్లతో తిప్పండి. విప్పుతున్నంతసేపూ బోల్టును పైకి నొక్కిపెట్టి వుంచాలి. చివరి మర వదిలిందని వేలికి తెలియగానే, బోల్టును చటుక్కున పక్కకు లాగేయండి. అట్లా చేస్తే ఆయిలు చేతి మీదుగా మోచేతికి పాకదు, నేరుగా గమేళాలో పడుతుంది. మొదట ధార ఏటవాలుగా దూకుతుంది, తగ్గేకొద్దీ వెనక్కు వస్తుంది. గమేళాను ఆ ప్రకారం జరుపుతూ వుండాలి. ధార చుక్కలయ్యేదాకా, చుక్కలు కూడా ఆగేదాకా పావుగంట వదిలిపెట్టండి. ఈలోగా పడిన ఆయిలును చూడండి. నల్లగా వుంటే భయం లేదు, అది మురికిని మోసుకొచ్చిందని అర్థం. పాలు కలిపిన చాయ్ లాగా తెల్లగా మారివుంటే లోపలికి నీరు పోయిందన్నమాట. వానాకాలంలో వాగు దాటించిన బండ్లలో ఇది కనిపిస్తుంది. ఇనుప మెరుపులు దండిగా కనపడితే ఇంజను లోపల ఏదో అరుగుతున్నది, మెకానిక్కుకు చూపించాలి. కొన్ని బండ్లకు, ముఖ్యంగా బుల్లెటుకు, కింద ఒకటి కన్నా యెక్కువ బోల్టులుంటవి. ఏది దేనికో పుస్తకంలో చూసే విప్పండి.

కింద ధార పూర్తిగా ఆగిన తరువాతనే ఫిల్టరు మూత జోలికి పోవాలి. నేను చేసిన తప్పు ఇక్కడే. అయితే కింద ఎంత కార్చినా, ఫిల్టరు గదిలో ఇంకా కొంత ఆయిలు నిలిచే వుంటుంది. ఒక టీ గ్లాసులో సగమో, అంతకు తక్కువో. నేలను పాడుచేసేది ఈ సగం గ్లాసే. ఎందుచేతనంటే మూత ఇంజను పక్కన నిలువుగా వుంటుంది. మూత వదులు కాగానే ఆయిలు దాని కింది అంచు వెంట జారి, ఇంజను కడుపు మీదుగా పాకి, ఎక్కడో వెనుక చుక్కలుగా రాలుతుంది. మీరు గమేళా మూత కింద పెడతారు, ఆయిలు జానెడు అవతల పడుతుంది. అందుచేత దానికి దారి వేయాలి. ఖాళీ ఆయిలు డబ్బా లోంచి అరచేయంత ముక్క కోసి, దాన్ని మధ్యకు మడిచి దోనెలాగా చేయండి. పైకొనను ఫిల్టరు మూత కింద, ఇంజనును ఆనుకునేటట్టు దోపండి. కిందికొన గమేళాలోకి వాలాలి. అటూ ఇటూ కదలకుండా ఒక గుడ్డపేలిక కుక్కండి. బెండు పైపు దగ్గరలో వుంటే దాని మీద తడిపి పిండిన గోనె ముక్క కప్పండి.

ఇప్పుడు మూత బోల్టులన్నీ సగం సగం వదులు చేయండి, దేన్నీ పూర్తిగా తీయకండి. కింది బోల్టును కొంచెం యెక్కువ వదులు చేసి మూతను మెల్లగా కదపండి. సందు చేసుకుని ఆయిలు దోనెలోకి కారుతుంది. కారనివ్వండి. తొందరపడి మూత పీకకండి. అయిదు నిమిషాల తరువాత బోల్టులు తీసి, మూత తీయండి. మూత వెనుక స్ప్రింగు వున్న బండ్లలో అది ఎగిరి గడ్డిలో పడకుండా అరచేయి అడ్డం పెట్టండి. ఫిల్టరును తీసేముందు అది ఎటు తిరిగి వున్నదో చూడండి. ఈ కాలంలో అందరి జేబులోనూ ఫోను వున్నది, ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఫిల్టరుకు రెండు పక్కలూ ఒకేలాగా కనిపించినా, చాలా బండ్లలో ఒకేలాగా వుండవు. తిరగేసి పెడితే ఆయిలు వడపోత తప్పించుకుని పోవచ్చు, లేదా పైన తలభాగానికి సరిగా అందకపోవచ్చు. అప్పుడు మిగిలించిన కూలి డబ్బుకు వందరెట్లు ఇంజను పనికి పెట్టాలి.

ఫిల్టరును బయటికి లాగేటప్పుడు ఒక పాలిథీన్ సంచిని చేతికి తిరగేసి తొడుక్కుని, దానితోనే పట్టుకుని లాగి, సంచిని మళ్లీ తిరగేస్తే ఫిల్టరు చుక్కతో సహా సంచిలో వుంటుంది. మన ట్రాక్టరుకు డబ్బాలాగా తిప్పి బిగించే ఫిల్టరు వుంటుంది చూడండి, దానికీ ఇదే ఉపాయం. కొంచెం వదులు చేసి, సంచి తొడిగి, సంచిలోపలే తిప్పి తీయాలి.

గది లోపల నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడవండి. పత్తి పండించేవాళ్లం గదా అని పత్తితో తుడవకండి. పోగులు లోపల చిక్కుకుంటవి. పాత రబ్బరు రింగు మూతకు గాని, ఇంజను వైపు గాని అతుక్కుని వుండిపోయిందేమో వెతికి తీయండి. పాతదాని మీద కొత్తది పెట్టి బిగిస్తే అప్పుడు బాగానే వుంటుంది, ఇంజను నడపగానే ఆయిలంతా కక్కేస్తుంది. కొత్త రింగుకు వేలితో కొత్త ఆయిలు పూసి గాడిలో కూర్చోబెట్టండి. ఫిల్టరు పెట్టి, స్ప్రింగు వుంటే దాన్ని దాని చోట వుంచి, మూత పెట్టి, బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పండి. తరువాత ఒకదాని వెంట ఒకటి కొంచెం కొంచెంగా పానాతో బిగించండి. ఇది అల్యూమినియం, నాగలి కర్రు కాదు. మన బలమంతా చూపితే మరలు తెగుతవి. కింద బోల్టుకు కొత్త వాషరు వేసి, అదీ అట్లాగే బిగించండి.

ఆయిలు విషయంలో ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు మిగిలింది గదా అని బండికి పోయకండి. మోటారు సైకిలులో యెక్కువ వాటికి క్లచ్చు ప్లేట్లు ఇంజను ఆయిలులోనే మునిగి వుంటవి. కారు ఆయిలులో జారుడు పెంచే మందులు కలుపుతారు, దానితో క్లచ్చు జారుతుంది. అందుకని మోటారు సైకిలు ఆయిలు డబ్బా మీద జాసో ఎం.ఏ. అనే గుర్తు వున్నదా అని చూడాలి. చిక్కదనం ఎంత వుండాలో, 10డబ్ల్యు-30 అనో 20డబ్ల్యు-50 అనో, బండి పుస్తకం చెపుతుంది. పుస్తకంలో చెప్పిన కొలత కన్నా కొంచెం తక్కువ పోసి, ఒక నిమిషం ఇంజనును నెమ్మదిగా నడిపి ఆపండి. కొత్త ఫిల్టరు కొంత ఆయిలు తాగుతుంది. కొద్ది నిమిషాలు ఆగి, బండిని నిటారుగా నిలబెట్టి మట్టం చూసి, తక్కువైతే కొంచెం కొంచెం పోయండి. యెక్కువ పోయడం కూడా తప్పే.

ఇక గమేళాలో వున్న నల్ల ఆయిలు మాట. దీన్ని బండి ఇరుసుకు పూయడం, తలుపు చెక్కలకు చెదలు పట్టకుండా రాయడం మన పెద్దల నాటి నుంచి వున్నది. ఇనుప ఇరుసుకు రాసే నాలుగు చుక్కలతో నాకు పేచీ లేదు. కాని కొందరు గాలికుంటు పుండ్లకు, గజ్జికి, ఎద్దు మెడ కమిలిన చోట ఈ ఆయిలు పూస్తారు. అది వద్దని గట్టిగా చెపుతున్నాను. ఇంజనులో కాలిన ఆయిలులో చర్మానికి చేటు చేసే పదార్థాలు చేరుతవి. ఎలుకల చర్మం మీద పదేపదే పూసి చూసినప్పుడు కంతులు, క్యాన్సరు వచ్చినట్టు పరీక్షలలో తేలింది. పైగా పశువు తన పుండు తానే నాకుతుంది, ఆయిలు కడుపులోకి పోతుంది. మీ చేతులకైనా అంతే. పని కాగానే సబ్బుతో కడుక్కోండి. పెట్రోలుతో కడిగితే మరకతోబాటు చర్మంలోని జిడ్డు కూడా పోయి, చెడు లోపలికి పోవడానికి దారి అవుతుంది. మన నడిగడ్డలో విత్తనపు పత్తి పువ్వులు గిల్లి పుప్పొడి అద్దే పని ఇంటిల్లిపాదీ చేస్తారు. ఆయిలు చేతులతో ఆ పువ్వులను ముట్టకండి.

నల్ల ఆయిలును వచ్చిన డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, పైన "పాత ఆయిలు" అని పెద్ద అక్షరాలతో రాయండి. మంచినూనె సీసాలో గాని, నీళ్ల సీసాలో గాని, పురుగుమందు డబ్బాలో గాని పోయకండి. పురుగుమందు కలిస్తే దాన్ని ఎవరూ తీసుకోరు. తీసిన ఫిల్టరును ఒక రాత్రంతా ఆ గమేళాలో బోర్లించి వుంచితే మరికొంత కారుతుంది. డబ్బాను పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఎత్తు అని ఎందుకంటున్నానంటే, 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూరునూ కర్నూలునూ ముంచిన వరద మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. నేల మీద పెట్టిన డబ్బాలు నీటితో లేచి ఎక్కడెక్కడో తేలినవి.

డబ్బా నిండాక బండ్లు బాగుచేసే పెద్ద షెడ్డుకు గాని, సర్వీసు సెంటరుకు గాని ఇవ్వండి. వారి దగ్గర పాత ఆయిలు కొనేవారు వస్తారు. అది శుద్ధి కర్మాగారాలకు పోయి, తిరిగి ఆయిలుగా తయారవుతుంది. ఊరికే తీసుకోమనండి, డబ్బు వస్తే మంచిదే. కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన నిబంధనలలో వాడిన ఆయిలును ప్రమాదకరమైన వ్యర్థాలలో చేర్చింది. 2023లో ఆ నిబంధనలను సవరించి, ఆయిలు తయారుచేసే కంపెనీలు వాడిన ఆయిలును కొంత మేరకు తిరిగి శుద్ధి చేయించవలసిన బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి పెట్టింది. కావున మీ డబ్బాకు విలువ వున్నది. ఇటుకబట్టీలో పోసి తగలబెడతామని అడిగేవారికి మాత్రం ఇవ్వకండి. కొత్త ఆయిలు వచ్చిన ఖాళీ డబ్బా మిగిలితే, అడుగున రంధ్రం చేసి పారేయండి. చెక్కుచెదరని డబ్బా కనపడితే దాన్ని కొని, నకిలీ ఆయిలు నింపి అమ్మేవారున్నారు. అన్నింటికన్నా ముఖ్యం, ఆ డబ్బాలో చేనికి తాగే నీళ్లు మోసుకుపోకండి. ఎంత కడిగినా ప్లాస్టిక్కు పీల్చుకున్నది పోదు.

విస్తరణాధికారులకు ఒక మాట. మీరు ఊరికి పోయేదీ బండి మీదనే గదా. ఈసారి ఆయిలు మార్చే రోజు వచ్చినప్పుడు షెడ్డుకు పోకుండా, రైతు వేదిక దగ్గర పదిమంది ముందు మార్చి చూపించండి. కింద తెల్లటి గుడ్డ ఒకటి పరచండి. పని అయ్యాక గుడ్డ మీద ఎన్ని చుక్కలున్నవో లెక్క పెట్టమనండి. నేను మొదటిసారి అట్లా చేసినప్పుడు పదకొండు చుక్కలు పడినవి. ఒక ముసలాయన వచ్చి ఒక్కొక్కటే వేలితో చూపి మరీ లెక్కపెట్టాడు. రెండోసారికి మూడు.

పొట్టు పీల్చిన ఆయిలును ఎరువుకుప్పలో కలపకండి. ఆయిలు పేలికలతో, ఫిల్టరుతో కలిపి సంచిలో మూటకట్టి, పాత ఆయిలుతో పాటే షెడ్డుకు పంపండి. మరునాటి పొద్దున బండి కింద ఒక పేపరు పరచి, గంట తరువాత చూడండి. పేపరు శుభ్రంగా వుంటే సరే. ఒక చుక్క కనపడితే, అది ఫిల్టరు మూత కింది అంచు దగ్గర పడిందా, కింద బోల్టు దగ్గర పడిందా చూసి, ఆ ఒక్కదాన్నే చూచాయగా బిగించండి. అప్పటికీ కారితే రింగు సరిగా కూర్చోలేదని అర్థం, మళ్లీ విప్పవలసిందే. విప్పేముందు దోనె పెట్టడం మరవకండి. సెలవు.